ఓడలరేవు: గాలివానకు ముందు పెట్టాల్సిన ఖర్చు

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవుకు తుపాను కొత్త కాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన గాలివాన వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి, వేళ్లతో సహా లేచి, తోటలకు తోటలే నేలకొరిగాయి. చెట్టుకింతని పరిహారం లెక్కగట్టొచ్చు. కానీ కొత్తగా నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది; అన్నేళ్ల రాబడిని ఆ డబ్బు పూడ్చదు. చేపల వేటకెళ్లి తిరిగిరాని మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు.

1977 దివిసీమ ఉప్పెన దాదాపు పదివేలమందిని మింగితే, 2014 హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసినా మృతులు పదుల్లోనే ఉన్నారు. రెండు ఉప్పెనల ఎత్తూ ఒకటి కాదు, నిజమే. అయినా హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపు లేకుండా ఇంత తేడా రాదు. షెల్టర్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయంటారు. బడిగా వాడితే ఖాళీ ఉండవు, మరమ్మతులూ జరుగుతాయి. చెట్టును ఏ షెల్టరూ కాపాడదన్నది సరైన అభ్యంతరమే, కాబట్టి సహాయనిధి ఉండాల్సిందే. అయితే 2021-26కు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 80 శాతం సహాయక చర్యలకు, పునర్నిర్మాణానికి, సన్నద్ధతకు ఇచ్చి, ముప్పు తగ్గించే పనులకు 20 శాతమే మిగిల్చింది. తీరం వెంట మడ, సరుగుడు పెంచాల్సిన ఓడలరేవు లాంటి ఊళ్లకు ఆ వాటా చాలదు.