ఏం కావాలో చెప్పే భాష

ఒక రైతుకు పదెకరాలు. బోరు ఒకటే. మోటారు నడిచేది వారానికి 18 గంటలు. వరి వేస్తే ఎకరాకు వారానికి మూడు గంటల నీళ్లు కావాలి, మొక్కజొన్నకైతే గంట చాలు. ఖర్చులు పోను వరి మీద ఎకరాకు 25 వేలు, మొక్కజొన్న మీద 15 వేలు మిగులుతాయనుకుందాం. ఏది ఎన్నెకరాలు వేయాలి?

ఎకరాకు వచ్చే లాభం చూసుకుని వరే వేస్తే ఆరెకరాలకే నీళ్లు అయిపోతాయి. నాలుగెకరాలు బీడు పడుతుంది, చేతికి లక్షన్నర వస్తుంది. నీళ్లకు భయపడి పదెకరాలూ మొక్కజొన్న వేసినా అదే లక్షన్నర. నాలుగెకరాలు వరి, ఆరెకరాలు మొక్కజొన్న వేస్తే నీళ్లు సరిగ్గా సరిపోతాయి, నేల మిగలదు, లక్షా 90 వేలు వస్తాయి. ఇంతకు మించి రాదు.

ఈ లెక్కలో ఉన్నవి మూడే. మన చేతిలో ఉన్నవి, అంటే ఏ పంట ఎన్నెకరాలన్నది. వీటిని చలరాశులంటారు. మనల్ని కట్టేసేవి, అంటే నేల, నీళ్లు. ఇవి పరిమితులు. మనకు కావలసింది, అంటే లాభం. అది లక్ష్య ప్రమేయం. రెండు పంటల లెక్కను గ్రాఫు కాగితం మీద తేల్చేయవచ్చు. చమురు శుద్ధి కర్మాగారానికో విమాన సంస్థకో ఇలాంటి చలరాశులు లక్షల్లో ఉంటాయి. ఇప్పుడు వాటిని మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి మీట నొక్కితే జవాబు వస్తుంది. ఈ సదుపాయం వెనక ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో లెక్క కట్టడం నేర్చుకోవడం ఒక ఎత్తు, మన అవసరాన్ని లెక్కగా చెప్పడం నేర్చుకోవడం మరో ఎత్తు.

ప్లైవుడ్ దగ్గర మొదలు

1938లో లెనిన్‌గ్రాడ్‌లోని ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వాళ్లు లియొనిద్ కాంతొరోవిచ్ అనే యువ గణితశాస్త్రవేత్తను సలహా అడిగారు. యంత్రాలు రకరకాలు, కలప రకరకాలు. ఏ కలపను ఏ యంత్రానికి ఎంత అప్పగిస్తే ఉత్పత్తి ఎక్కువ వస్తుంది? చూడటానికి చిన్న ప్రశ్నే. అన్ని కలయికలనూ ఒక్కొక్కటిగా పరీక్షించబోతే జీవితకాలం చాలదు. కాంతొరోవిచ్ దానికి దారి కనిపెట్టాడు. పొలాల్లో పంటల పంపకం, తక్కువ వృథాతో పలకలు కోయడం, సరుకు రవాణా అన్నీ లోపల ఒకే రూపంలో ఉన్న సమస్యలని గుర్తించి, 1939లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం తరఫున చిన్న పుస్తకం వెలువరించాడు.

అందులో ఆయన ప్రతి పరిమితికీ ఒక అంకె జోడించాడు. మన రైతు లెక్కలోనే దాన్ని చూడవచ్చు. మోటారు ఇంకొక గంట నడిస్తే లాభం 5 వేలు పెరుగుతుంది. నీళ్లు అంతే ఉండి ఇంకొక ఎకరా దొరికితే 10 వేలు పెరుగుతుంది. కాబట్టి ఆ ఎకరాకు కౌలు 10 వేలు దాటితే తీసుకోకూడదు. కొరతలో ఉన్న వస్తువు విలువ ఎంతో లెక్కే చెబుతోందన్నమాట. శ్రమే విలువకు మూలమని నమ్మిన సోవియట్ వ్యవస్థకు ఈ మాట రుచించలేదు. యుద్ధకాలంలో ఆయన రాసిన ఆర్థికశాస్త్ర గ్రంథం 1959 దాకా అచ్చుకాలేదు. 1939 నాటి చిన్న పుస్తకం ఇంగ్లిషులోకి వచ్చింది 1960లో.

ఐదు వస్తువుల భోజనం

సముద్రానికి అవతల అమెరికాలో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్తకు మరో ప్రశ్న ఎదురైంది. మనిషికి కావలసిన పోషకాలన్నీ అంది, ఖర్చు మాత్రం అన్నిటికంటే తక్కువయ్యే భోజనం ఏది? 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు తీసుకున్నాడు. కచ్చితమైన పద్ధతి లేక, తెలివిగా వడపోసి 1945లో జవాబు ప్రకటించాడు: గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. 1939 ధరల్లో ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు. అంతకంటే తక్కువలో కుదరదని నిరూపించే మార్గం ఆయన దగ్గర లేదు.

ఆ మార్గం రెండేళ్లకు దొరికింది. 1947లో పెంటగన్‌లో అమెరికా వైమానిక దళానికి గణిత సలహాదారుగా ఉన్న జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. దాని కిటుకు మన పొలం లెక్కలోనే ఉంది. వేయడానికి వీలున్న పంటల పంపకాలన్నిటినీ గ్రాఫు మీద గీస్తే కొన్ని మూలలున్న ఆకారం వస్తుంది. అత్యుత్తమ జవాబు ఏదో ఒక మూలలో తప్పక దొరుకుతుంది. కాబట్టి లోపలంతా వెతకనక్కర్లేదు. ఒక మూలలో నిలబడి, లాభం పెరిగే అంచు పట్టుకుని పక్క మూలకు నడవాలి. ఏ పక్కకు వెళ్లినా లాభం పెరగని మూల చేరామంటే అదే జవాబు.

పద్ధతిని పరీక్షించడానికి స్టిగ్లర్ భోజనం లెక్కనే ఎంచుకున్నారు. అదే ఏడాది జాక్ లాడెర్‌మన్ ఆధ్వర్యంలో 9 మంది గుమాస్తాలు బల్ల మీద తిప్పే లెక్కల యంత్రాలతో కూర్చున్నారు. మొత్తం 120 పనిదినాలు పట్టింది. వచ్చిన జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. స్టిగ్లర్ ఊహకూ అసలు జవాబుకూ తేడా 24 సెంట్లే.

డాంట్జిగ్ చేసిన మరో పనికి దక్కాల్సిన పేరు దక్కలేదని నాకనిపిస్తుంది. అప్పటిదాకా సైనిక ప్రణాళికలు రాసేవాళ్ల దగ్గర లక్ష్యమనేదే స్పష్టంగా ఉండేది కాదని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఉన్నవల్లా పై అధికారులు అనుభవంతో పెట్టిన కట్టుబాట్లు: ఇది ముందు, అది తర్వాత, దీనికింత, దానికింత. ఎందుకు ఆ వరసలోనే అంటే జవాబుండేది కాదు. డాంట్జిగ్ ఆ కట్టుబాట్లను పక్కనబెట్టి, కావలసింది ఫలానా అని ఒక్క వాక్యంగా రాసి, దాన్ని గరిష్ఠమో కనిష్ఠమో చెయ్యమన్నాడు. ఈ పద్ధతికి లీనియర్ ప్రోగ్రామింగ్ అన్న పేరు 1948లో ఆర్థికవేత్త చాలింగ్ కూప్‌మన్స్ సూచించినది. అందులోని ప్రోగ్రామింగ్ కంప్యూటర్లది కాదు. సైన్యంలో శిక్షణకూ సరఫరాలకూ వేసుకునే ప్రణాళికను ప్రోగ్రామ్ అనేవారు. కాంతొరోవిచ్, కూప్‌మన్స్ ఇద్దరికీ 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. డాంట్జిగ్‌కు రాలేదు.

వెనిగర్ చెప్పిన పాఠం

1950ల తొలినాళ్లలో డాక్టరు బరువు తగ్గమంటే, డాంట్జిగ్ తన భోజనం సంగతి కూడా కంప్యూటర్‌కే అప్పగించాడు. అది ఏం తినమంటే అదే తింటానని భార్యతో అన్నాడు. కడుపు నిండినట్టుండాలన్నది ఆయన లక్ష్యం. దాన్ని లెక్కగా ఎలా రాయాలి? తిన్న పదార్థం బరువులోంచి అందులోని నీటి బరువు తీసేసి, మిగిలినదాన్ని గరిష్ఠం చెయ్యమన్నాడు. యంత్రం ఇచ్చిన పట్టికలో 500 గ్యాలన్ల వెనిగర్ ఉంది. పట్టికలో వెనిగర్‌కు నీటి బరువు సున్నా అని పడింది మరి. దాన్ని తీసేస్తే ఈసారి రోజుకు 200 సూప్ బిళ్లలు తినమంది. ఉప్పు ఇంతకు మించకూడదని ఎవరూ దానికి చెప్పలేదు. అప్పుడు బిళ్లలకు రోజుకు మూడని హద్దు పెట్టాడు. చివరికి భార్యే ఆ జాబితాలన్నీ చూసి తన చేత్తో భోజనం ఏర్పాటు చేసింది, ఆయన బరువు తగ్గాడు.

లెక్కలో యంత్రం ఒక్క తప్పూ చెయ్యలేదు. చెప్పినదాన్ని చెప్పినట్టు చేసింది. చెప్పనిదేదీ దానికి తెలియదు. వంటింట్లో ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతులన్నీ అక్కడ నోరు తెరిచి చెప్పాల్సిందే. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ప్రతివారికీ ఏదో ఒక రూపంలో ఆ వెనిగర్ ఎదురవుతుంది.

కార్డుల నుంచి వాక్యాలకు

కంప్యూటర్లు పెరిగేకొద్దీ లెక్క కట్టడం తేలికైంది, చెప్పడం మాత్రం కష్టంగానే మిగిలింది. ఐబీఎం యంత్రాలకు సమస్యను 80 గళ్ల కార్డుల మీద, నిర్ణీత గళ్లలో, ఎనిమిది అక్షరాలు మించని పేర్లతో, ఒక్కో అంకెగా నింపి ఇవ్వాలి. ఎంపీఎస్ అనే ఆ ఫైలు అమరిక ఇప్పటికీ వాడుకలో ఉంది. మనిషి తలచుకునేది ప్రతి ఊరికీ కావలసినంత సరుకు చేరాలి అని. కార్డుల మీద కనిపించేది వేల అంకెల పట్టిక. ఒకదాన్ని మరొకదానిగా మార్చడానికి వేరే ప్రోగ్రాములు రాసుకోవాలి. వాటిలో తప్పు దొర్లితే పట్టుకోవడం గగనం. రాసినవాడు ఉద్యోగం మారితే ఆ మోడల్ ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు.

ఈ బాధ బాగా అనుభవించినవాళ్లు వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు. ఎరువుల కర్మాగారాలు ఎక్కడ కట్టాలి వంటి ప్రశ్నలకు వాళ్లు దేశదేశాలకూ మోడళ్లు కట్టేవారు. అక్కడ అలెగ్జాండర్ మీరావ్స్, యాన్ బిషప్ తదితరులు 1970లలో ఒక కొత్త ఆలోచన చేశారు. గణితాన్ని మనిషి కాగితం మీద ఎలా రాస్తాడో అలాగే రాయనిచ్చి, పట్టికగా మార్చే పని యంత్రానికే వదిలేస్తే? అలా పుట్టింది గ్యామ్స్. ప్రతి ఊరికీ చేరే సరుకు ఆ ఊరి అవసరానికి తగ్గకూడదు అని ఒక్క వరుస రాస్తే, ఊళ్లు మూడున్నా మూడు వేలున్నా అదే వరుస. అంకెలు ఒక చోట, నియమాలు మరో చోట. ధరలు మారితే అంకెలు మార్చుకుంటే చాలు. పాకిస్తాన్‌లో సింధు నది కాలువల కింద నీళ్లు, పంటల పంపకానికి బ్యాంకు కట్టిన పెద్ద మోడల్ కూడా ఈ భాషలోనే ఉంది. మన రైతు ప్రశ్నే అది, ఒక నది అంత ప్రశ్న. 1987లో గ్యామ్స్ బ్యాంకు గడప దాటి సొంత సంస్థగా నిలబడింది.

1985లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ ఫోరర్, డేవిడ్ గే, బ్రయన్ కెర్నిఘన్ ఇదే దారిలో ఆంపుల్ భాష మొదలుపెట్టారు. సీ భాష మీద ప్రోగ్రామర్లందరూ చదివే పుస్తకం రాసిన ఇద్దరిలో కెర్నిఘన్ ఒకడు. మోడల్‌కు మనిషి చదివే రూపమొకటి, యంత్రం చదివే రూపమొకటి ఉంటాయనీ, మనిషి మొదటిదే రాయాలనీ ఫోరర్ 1983లోనే వాదించాడు. ఆ తర్వాత వచ్చిన భాషలన్నీ ఆ మాటను నిలబెట్టినవే.

ఇలాంటి లెక్కలన్నిటినీ కలుపుకున్న శాస్త్రం పేరు ఆపరేషన్స్ రీసెర్చ్. మన దేశంలో దానికి నాంది 1949లో హైదరాబాద్ ప్రాంతీయ పరిశోధనాశాలలో పడిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోధించిన కట్టా గోపాలకృష్ణ మూర్తి 1983లో వెలువరించిన లీనియర్ ప్రోగ్రామింగ్ గ్రంథం ఎందరికో గురువైంది. పనుల పంపకాలను మేలైనదాని నుంచి వరసగా తీసి చూపే ఆయన 1968 నాటి పద్ధతి, రాడార్లు ఒకేసారి చాలా లక్ష్యాలను వెంబడించడంలో ఉపయోగపడుతోంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు

ఇప్పుడు మొదలుపెట్టడానికి డబ్బు అడ్డు కాదు. ఎక్సెల్‌లో సాల్వర్ ఉంది. పైథాన్ తెలిసినవాళ్లకు పల్ప్, ప్యోమో ఉచితం. జూలియా భాషలో జంప్ ఉంది. గ్యామ్స్ నేర్చుకునేవాళ్లకు ఎదురయ్యే తొలి పాఠం డాంట్జిగ్ పుస్తకంలోని రవాణా లెక్క. సియాటిల్‌లో 350 పెట్టెలు, శాన్ డియేగోలో 600 పెట్టెలు ఉన్నాయి. న్యూయార్క్‌కు 325, షికాగోకు 300, టొపీకాకు 275 పంపాలి. రవాణా ఖర్చు కనిష్ఠంగా ఉండాలి. ఈ ఐదు ఊళ్ల లెక్క చేత్తో కూడా సరిచూసుకోగలిగినంత చిన్నది. అందుకే అది మంచి పాఠం.

మీ సొంత సమస్యనూ అంత చిన్నదిగానే మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద మూడు వాక్యాలు తెలుగులోనే రాయండి: నేను మార్చగలిగేవి ఇవి, నన్ను కట్టేసేవి ఇవి, నాకు కావలసింది ఇది. సాధ్యమయ్యే జవాబే లేదని యంత్రం అంటే, మీ నియమాల్లో కొన్ని ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయని అర్థం. జవాబుకు హద్దే లేదంటే ఏదో నియమం రాయడం మరిచారన్నమాట. జవాబు వచ్చాక ఆ పరిమితుల పక్కన కనిపించే విలువలు చూడండి. లెనిన్‌గ్రాడ్‌లో కాంతొరోవిచ్ రాసుకున్న అంకెలవి. అదనపు గంట కరెంటు ఎంత చేస్తుందో, అదనపు ఎకరాకు ఎంత కౌలు ఇవ్వవచ్చో అవే చెబుతాయి.

మూడు వాక్యాల్లో అన్నిటికంటే కష్టమైంది మూడోదే. పెంటగన్ అధికారులకు 1947 దాకా అది రాయాలని తోచలేదు. దాన్ని కనిపెట్టిన డాంట్జిగ్ కూడా తన భోజనం దగ్గరికి వచ్చేసరికి మొదటిసారి తప్పు రాశాడు. మన రైతు లాభమే కావాలన్నాడు కాబట్టి నాలుగెకరాల వరి వచ్చింది. ఇంటి తిండిగింజల కోసం కనీసం ఐదెకరాలు వరి ఉండాలని అతని మనసులో ఉంటే, ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి. అప్పుడు మొక్కజొన్న మూడెకరాలకు తగ్గుతుంది, రెండెకరాలు బీడు పడుతుంది, లాభం లక్షా 70 వేలకు దిగుతుంది. ఆ 20 వేలు ఇంటి బియ్యానికి తగిన వెలేనా అన్నది ఇక రైతే తేల్చుకోవాలి.