గోడ వెనక గుడ్డ

అమెరికాలో సౌత్ కరొలినా రోడ్ల శాఖ వాళ్లు మట్టి రోడ్డు మీద మందపాటి నూలుగుడ్డ పరిచి, వేడి తారు పోసి, పైన ఇసుక చల్లి ఈ 2026కు నూరేళ్లు. ఫలితాలు 1935లో అచ్చయ్యాయి. గుడ్డ చివికిపోయేదాకా రోడ్డుకు పగుళ్లు తక్కువేనట. నూలు మట్టిలో ఎంతకాలం ఉంటుంది కనుక! అయినా ఆ గుడ్డముక్కను తలుచుకోవడానికి ఈ సాకు చాలు.

అంతకుముందు కథ ఉంది గాని, చాలా అతుకులబొంత. బాగ్దాద్ పక్కన అకర్ కూఫ్‌లో మూడు వేల ఏళ్లు దాటిన జిగ్గురాత్‌ను, అంటే మెట్లమెట్లుగా లేచే గుడి దిబ్బను, పచ్చి ఇటుకల వరసల మధ్య రెల్లు చాపలు పరిచి కట్టారు. హాన్ రాజుల కాలంలో చైనావాళ్లు గోబీ ఎడారి అంచున కట్టిన గోడలో గులకరాళ్ల పొరల మధ్య రెల్లూ కొమ్మలూ వేశారు. మన పల్లెల్లో గోడమట్టిలో గడ్డి కలిపి తొక్కినవాళ్ల చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. రెండు వేల ఏళ్లు ఒక్క గంతులో దాటేద్దాం.

నాకు ఇష్టమైన ఘట్టం సముద్రం ఒడ్డున జరిగింది. ఆన్రీ విడాల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ రెండూ తెలిసిన ఫ్రెంచివాడు. సెలవులకు ఇబిజా దీవికి వెళ్లి ఇసుకలో కూర్చున్నాడట. పొడి ఇసుక ఎంత పోసినా ముప్పై డిగ్రీల వాలు దాటగానే జారిపోతుంది. చుట్టూ పైన్ చెట్ల సన్నటి ఆకులు రాలి ఉన్నాయి. పొరకు కొన్ని పరుస్తూ పోస్తే కుప్ప నిటారుగా నిలిచింది. పిల్లలాట. పెద్దవాడు ఆడాడు కాబట్టి 1963కల్లా పేటెంటు అయింది.

కిటుకంతా రాపిడిలో ఉంది. పైన బరువు పడితే ఇసుక పక్కలకు జరగబోతుంది. జరగబోయే రేణువు ఆకును రాసుకుంటుంది. ఆకు సాగదు, రేణువును పోనివ్వదు. బరువు పెరిగేకొద్దీ పట్టూ బిగుస్తుంది. మట్టి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. ఆ లాగుడు ఆకు వంతు. విడాల్ ఆకుల స్థానంలో లోహపు పట్టీలు పెట్టి 1965లో పిరనీస్ కొండల్లో, ప్రాన్యేర్ దగ్గర మొదటి గోడ కట్టాడు. ముందున్న పలకలు మట్టి రాలకుండా ఆపడానికే, గోడను నిలబెట్టేది వెనక పట్టీలే. బరువైన కాంక్రీటునే నమ్ముకున్న ఇంజినీర్లకు ఇది వెంటనే మింగుడుపడి ఉండదు.

ఇనుముకు తుప్పు భయం. ప్లాస్టిక్ గుడ్డకు ఆ బాధ లేదు, ఎండ తగలకుండా కప్పి ఉంచితే చాలాకాలం ఉంటుంది. 1971లో ఫ్రాన్స్‌లోని రువాఁ దగ్గర గుడ్డతోనే గోడ లేచింది. 1974లో అమెరికా అటవీ శాఖ ఆరిగన్ కొండల్లో ఇంకోటి కట్టింది. గుడ్డ పరిచి, మట్టి పోసి తొక్కించి, మిగిలిన అంచును పైకి మడిచి, దానిమీద ఇంకో పొర. అచ్చం తాపేశ్వరం మడత కాజా! ఇంగ్లండ్‌లో నేతమగ్గాల ఊరు బ్లాక్‌బర్న్‌లో బ్రయన్ మెర్సర్ ప్లాస్టిక్ షీటుకు చిల్లులు కొట్టి, సాగదీసి, గుడ్డకు బదులు మట్టిలో పరిచే గ్రిడ్ తయారుచేశాడు.

ఇక్కణ్నుంచి కథ ఒక దారిన పోదు. 1990ల్లో కాకినాడ పోర్టు రోడ్డు కింద మెత్తటి బంకమన్ను మీద జనపనార గుడ్డ పరిచారు, అంటే మళ్లీ సౌత్ కరొలినాకే! పక్కనే ఉప్పాడ తీరంలో జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, అలలకు దెబ్బతిన్నాయి. సిక్కింలో పాక్యోంగ్ విమానాశ్రయానికేమో ఈ పద్ధతిలోనే డెబ్బై మీటర్లు దాటిన గోడ నిలబెట్టారు.

మనం ఫ్లైఓవర్ ఎక్కేచోట రెండు పక్కలా కనిపించే కాంక్రీటు పలకల గోడ, సైటు భాషలో ఆర్ఈ (రీఇన్‌ఫోర్స్‌డ్ ఎర్త్) వాల్, చాలాచోట్ల ఇదే. పలక మందం జానెడు ఉండదు. వెనక గ్రిడ్ పొడవు మాత్రం గోడ ఎత్తులో 70 శాతానికి తగ్గకూడదంటారు. నల్లరేగడి పోస్తే పని చెడినట్టే, నీరు దిగిపోయే గరుకు మట్టి కావాలి. పలకల దగ్గర మీటరున్నర మేర పెద్ద రోలర్‌ను రానివ్వరు, వస్తే పలకలు బయటికి ఉబ్బుతాయి.

ఇవన్నీ పాటించినా కింద నేల ఒప్పుకోవాలి. 2025 మేలో కేరళలోని కూరియాడ్ దగ్గర జాతీయ రహదారి 66 కోసం వరిపొలాల్లో లేపిన గోడ కుంగి కూలింది. అంత ఎత్తు కట్టను మోసే బలం పొలం మట్టికి లేదని అధికారులు తేల్చారు. అక్కడ గోడ మానేసి స్తంభాల మీద వంతెన కట్టాలని ఆదేశించారు.