గంజాం, బరంపురం ప్రాంతపు స్త్రీలలో మూత్రం ఆపుకోలేకపోవడం: కటి కండరాల వ్యాయామ చికిత్స

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలుగా జారిపోవడం, లేదా మూత్రం వస్తోందనిపించాక మరుగుదొడ్డి చేరేలోగా ఆగకపోవడం స్త్రీలలో తరచుగా కనిపించే రుగ్మత. పొట్టలో ఒత్తిడి పెరిగినప్పుడు జారేది స్ట్రెస్ రకం, ఆత్రంగా వచ్చి ఆగనిది అర్జ్ రకం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. పిల్లలు పుట్టాక ఇది మామూలేనని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. తరచుగా వస్తుందన్నది నిజమే కానీ, భరించి ఊరుకోవలసిన పని లేదు. దీనికి మొదటి చికిత్స మందూ కాదు, ఆపరేషనూ కాదు, వ్యాయామం.

ముందున్న జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక దాకా ఊయల గుడ్డలా పరచుకున్న కటి కండరాలు మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింది నుంచి మోస్తాయి. కాన్పుల్లో ఇవి సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. ముట్లు ఆగాక వచ్చే మార్పులు, అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకం వీటిని మరింత బలహీనపరుస్తాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఆ జిల్లాలోని బరంపురంలో నేటికీ తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. గోపాలపురం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాల స్త్రీలు చేపల గంపలు నెత్తిన మోస్తారు. మగవాళ్లు సూరత్ మగ్గాల పనికి వెళ్లిన పల్లెల్లో నీళ్లు, కట్టెలు, పొలం పని ఆడవాళ్ల మీదే పడతాయి. బరువు ఎత్తిన ప్రతిసారీ పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, స్ట్రెస్ రకం ఇలాంటి పనిలోనే బయటపడుతుంది. ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు 1962లో మొదలైన బరంపురం వైద్య కళాశాల. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న ఈ కళాశాల ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచీ రోగులు వస్తారు.

కటి కండరాలను బిగించే వ్యాయామాన్ని వైద్యలోకంలో స్థిరపరచినవాడు అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్. 1948లో ఆయన తన పద్ధతిని, కండరపు బిగింపును కొలిచే పెరినియోమీటరును వివరించాడు. పలు అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్షల్లో 2018 నాటి దాని ప్రకారం స్ట్రెస్ రకం ఉన్నవారిలో వ్యాయామం చేసినవారిలో 56 శాతం మంది నయమైందని చెప్పగా, చేయనివారిలో అలా చెప్పినవారు 6 శాతమే.

అయితే సరిగ్గా చేస్తేనే ఈ ఫలితం. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, మూత్రాన్నీ గ్యాసునూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలి కండరాన్ని బిగించి పైకి లాగాలి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. మొదట రెండు మూడు సెకన్లు, క్రమంగా పది సెకన్ల దాకా నిలపాలి. అంతే సమయం పూర్తిగా వదలాలి. పూటకు కనీసం 8 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టు కుదిరాక కూర్చుని, నిలబడి చేయాలి. దగ్గు వచ్చే ముందు, గంప ఎత్తే ముందు బిగించడం అలవాటైతేనే సాధన పనిలో అక్కరకొస్తుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజూ సాధనగా చేయకూడదు.

నోటిమాటగా చెప్పి పంపేస్తే చాలదు. 1991లో అమెరికాలో బంప్ అనే పరిశోధకుడి బృందం 47 మంది స్త్రీలను పరీక్షిస్తే, క్లుప్తంగా చెప్పించుకున్నాక సరిగ్గా బిగించగలిగినవారు దాదాపు సగమే. నాలుగో వంతు మంది పద్ధతి సమస్యను పెంచేలా ఉంది. పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కడం మామూలుగా జరిగే పొరపాటు. అందుకే శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, రోగి అనుమతితో, లోపల వేలితో పరీక్షించి బిగింపు బలాన్ని సున్నా నుంచి 5 దాకా అంచనా వేస్తారు. అందుకు చాటు కావాలి, వీలైతే మహిళా సిబ్బంది కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే స్త్రీకి ఈ సూచనలు తెలుగులోనే చెప్పాలి. ఇంత మరుగు విషయంలో అర్థం కాలేదని మళ్లీ అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఇంటికి వస్తూనే ఉంటుంది. ఆ రాకపోకల్లోనే మూత్రం జారుతోందా అని బాలింతను అడిగితే ఎంతో మేలు.

అర్జ్ రకానికి వ్యాయామంతోపాటు మూత్రానికి వెళ్లే వ్యవధిని మెల్లగా పెంచే శిక్షణ కనీసం ఆరు వారాలు ఇస్తారు. టీ తగ్గించడం మంచిది. భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఆత్రం పెరుగుతుంది.

మంట, జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే ముందు డాక్టరును చూడాలి. కష్టమైన కాన్పు తర్వాత రాత్రీ పగలూ మూత్రం కారుతూనే ఉంటే ఫిస్టులా (మూత్రాశయానికి, యోనికి మధ్య పడిన రంధ్రం) కావచ్చు. దాన్ని వ్యాయామం మూయలేదు, చాలావరకు ఆపరేషనే కావాలి. నడుమునొప్పితో తొడల మధ్య తిమ్మిరి వచ్చి, మూత్రం ఒక్కసారిగా అదుపు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల సక్రమ సాధన తర్వాత కూడా స్ట్రెస్ రకం తగ్గకపోతే శస్త్రచికిత్స గురించి గైనకాలజిస్టుతో మాట్లాడవచ్చు.