ఊరగాయల చిన్న పరిశ్రమలో సరుకు నిల్వ

ఆవకాయ పట్టే చిన్న పరిశ్రమలో సరుకు నిల్వనూ నాణ్యతనూ విడదీసి నిర్వహించడం కుదరదు. చాలావరకు కొనుగోలు రోజే రెండూ తేలిపోతాయి. టెంక ముదిరిన పుల్లటి మామిడికాయ వేసవిలో కొన్ని వారాలే దొరుకుతుంది కనుక కావలసినదంతా అప్పుడే కొనాలి. ముక్కల్లో తడి మిగిలినా, ఉప్పు తగ్గినా బూజు పడుతుంది. ఆ తర్వాత ఏ తనిఖీ ఆ జాడీని కాపాడలేదు. ఒకేసారి కొంటే పెట్టుబడి ఇరుక్కుపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆర్డరు ఖర్చునూ నిల్వ ఖర్చునూ తూచి ఎంత కొనాలో చెప్పే సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ 1913లోనే ఇచ్చాడు. అయితే గిరాకీ నిలకడగా ఉంటుందని, సరుకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందని ఆ లెక్క నమ్ముతుంది. సీసాలకు, మూతలకు, చాలావరకు నూనెకు అది సరిపోతుంది, కాయకు సరిపోదు. మిరపది మధ్యస్థ స్థితి. గుంటూరు శీతల గిడ్డంగుల్లో ఎండుమిర్చి నెలల తరబడి రంగు నిలుపుకుంటుంది కనుక కారం అవసరాన్నిబట్టి ఆడించుకోవచ్చు.

కొన్న సరుకు ఏ జాడీల్లో చేరిందో చెప్పే బ్యాచ్ సంఖ్య చట్టం కోసమేననుకోవడం పొరపాటు. ఏ కాయ, ఏ నూనె ఏ రోజు కలిశాయో రాసి ఉంటే, ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ విడత జాడీలనే వెనక్కి తెప్పించవచ్చు. రాయకపోతే సరుకంతటినీ అనుమానించాల్సిందే. ఇందుకు కంప్యూటరు అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు.