జమీందారీ పల్లెల్లో జంట లెక్కలు

1802లో శాశ్వత శిస్తు పద్ధతి ఉత్తర సర్కారులకు వచ్చాక విజయనగరం జమీందారు ఈస్టిండియా కంపెనీకి (కుంఫిణీకి) కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, ఖరారైపోయింది. ఇక ఏ రైతు ఎంత కడుతున్నాడో కుంఫిణీ ఆరా తీయాల్సిన పని లేదు. అయినా ఆ ఏడే వచ్చిన 29వ రెగ్యులేషన్ కరణం కొలువును చట్టంలోకి ఎక్కించింది. కరణం ఊరి లెక్క రాయాలి, కోర్టు అడిగితే చూపాలి. కోర్టు తీర్పు లేనిదే జమీందారు కరణాన్ని తొలగించకూడదు. జమీందారు కచేరీ లెక్క ఒక్కటే మిగిలితే తగాదా వచ్చినప్పుడు రైతు మాటకు ఆధారం ఉండదు మరి.

1865 నాటి 8వ చట్టం ఇంకో జంటను తెచ్చింది. భూమి వివరం, శిస్తు రాసి జమీందారు పట్టా ఇవ్వాలి. అవే షరతులు ఒప్పుకుంటూ రైతు ముచ్చిలిక రాసివ్వాలి. ఒకరి కాగితం మరొకరి దగ్గర ఉంటుంది. ఈ మార్పిడి జరగకపోతే, కనీసం పట్టా ఇవ్వజూపకపోతే, శిస్తు బాకీకి దావా నిలవదు. రెండు ప్రతులూ సరిపోలి ఉండడానికి నిజాయితీని నమ్ముకోకుండా, వసూలు చేసుకునేవాడి అవసరానికే ముడిపెట్టడం ఇందులోని తెలివి. లోపమూ లేకపోలేదు. చదువురాని రైతు తరఫున రాసేది సాధారణంగా కరణమే. రెండూ ఒకే కలం నుంచి వస్తే తప్పు కూడా రెండింటిలోనూ ఒకేలా పడుతుంది, సరిచూస్తే దొరకదు.

ఆ కలం పట్టిన జమీందారీ కరణాలను 1894 చట్టం సర్కారు అదుపులోకి తెచ్చింది. 1908 ఎస్టేట్ల భూచట్టం సర్వేకూ హక్కుల నమోదుకూ దారి వేసింది.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో ఈ ఊళ్లు, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీలోకి మారాయి. జులై 1న మొదలయ్యే ఫసలీ సంవత్సరం లెక్కన ఏటా జమాబందీ, అంటే లెక్కల తనిఖీ, జరిగేది. ఏ సర్వే నంబరులో ఏ పంటో చెప్పే అడంగల్‌నూ, రైతువారీ ఖాతా చూపే 10(1)నూ కరణం తెస్తే, అధికారులు తాలూకా లెక్కతో సరిచూసి తేడాలు దిద్దేవారు. అప్పుడు తప్పు పట్టుకునేది రెండో చెయ్యి.

1984లో కరణాల పదవులు రద్దయ్యాయి, 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1971 చట్టం ప్రకారం రైతు చేతికి పాసు పుస్తకం, కార్యాలయంలో 1-బి రిజిస్టరు అనే కొత్త జంట ఏర్పడింది. 2015లో మీభూమి వెబ్‌సైటుతో అడంగల్, 1-బి కంప్యూటర్ తెర మీదికి వచ్చాయి. అమ్మకమో, అన్నదమ్ముల పంపకమో జరిగినప్పుడు మ్యుటేషన్, అంటే హక్కుదారు మార్పు, అన్నిచోట్లా ఎక్కకపోతే, పాత పుస్తకంలో ఒక విస్తీర్ణం, తెర మీద మరొకటి కనిపిస్తాయి.