మామ్మకి కొత్త చీర

తాతయ్య కొత్త చీర తెచ్చి పీట మీద పెడితే మా మామ్మ ముట్టుకునేది కాదు. "ఎక్కడికీ?" అని అడిగేది. ఎక్కడికీ లేదని ఆయన రెండు మూడుసార్లు చెప్పాక, మర్నాడెప్పుడో మడత విప్పేది.

1924లో ఆవిడకి ఏడేళ్లు. పుణ్యగిరి తీర్థానికని చెప్పి, పట్టుపరికిణీ కట్టి, చేతిలో బెల్లమ్ముక్క పెట్టి వాళ్ల నాన్నే బండెక్కించాడు. బండి శృంగవరపుకోటలో మా ఇంటి ముందు ఆగింది. అప్పటికే పందిరి వేసి ఉంది. మడిచెక్క అమ్మి తాతయ్యవాళ్లు ఐదువందలిచ్చారట.

మా కోట అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది. ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లని విజయనగరం మహారాజా ఆనందగజపతి రాయిస్తే 1,034 తేలాయి. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ముందుమాటలో గురజాడ ఆ లెక్క చెప్పారు: అందులో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో బిడ్డకీ బేరాలు కుదిరేవట. నాటకంలో సుబ్బిని కరటకశాస్త్రి అలాంటి పెళ్లి నుంచి తప్పించాడు. మా మామ్మకి ఏ కరటకశాస్త్రీ దొరకలేదు.

నాన్న చెప్పిన తీర్థం అబద్ధమయ్యాక, మొగుడు సంతకెళ్లొస్తానన్నా ఆవిడకి అబద్ధంలాగే వినిపించేది. తాతయ్యని ఊళ్లో ఒక్కరూ వేలెత్తి చూపలేదు. అయినా ఆయన విజయనగరం కోర్టు పనికెళ్లి పొద్దుపోతే, మర్నాడు తోడెళ్లినవాళ్లని పిలిచి వాకబు చేసేది. ఆయన కోప్పడేవాడు కాదు. గుమ్మంలోకి వస్తూనే జేబులు బోర్లించి, బస్సు టిక్కెట్టూ చిల్లరా పీట మీద పెట్టేవాడు. డెబ్బై దాటాక కూడా పెట్టడం నేను చూశాను. చదువు రాని మామ్మ ఆ టిక్కెట్టుని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి కొంగున ముడేసుకునేది.

ఇంట్లో ఆవిణ్ని అనుమానం మనిషనేవారు. నేనూ అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. ఏడేళ్ల పిల్లని మోసం చేసిన పెద్దలకి మాత్రం మేమెవరం ఏ పేరూ పెట్టలేదు.

1930 ఏప్రిల్లో శారదా చట్టం అమలుకొచ్చి ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండాలంది. అప్పటికే మామ్మ కాపరానికొచ్చేసింది.

1977లో నా పెళ్లి. పట్టుచీర కట్టుకున్న నన్ను దొడ్లోకి పిలిచి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికో నీకు చెప్పేరుటే?"

"చెప్పేరు మామ్మా."

ఇంకోసారి చెప్పమంది.