పిట్సుందాలో చేతులు మారిన కిరీటం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు చదరంగం స్ఫురించింది. ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బులో భోజనం గబగబా ముగించుకుని బల్ల చుట్టూ మూగిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో నేను కాస్త పేరున్న ఆటగాణ్ణే. పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు నన్ను వరుసగా మూడు ఆటలు ఓడించింది. "ఇంకొక్కటి, తాతయ్యా" అంటే కళ్లు మసకలని తప్పించుకుని, బోర్డు అటక ఎక్కించాను. తర్వాత నోనా గాప్రిందాష్విలి చరిత్ర గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

నోనా 1941లో జార్జియాలోని జుగ్దిదిలో పుట్టింది. 1962లో మాస్కోలో ఎలిజవేతా బికోవాను 9-2 తేడాతో ఓడించి, 21వ ఏట ప్రపంచ మహిళా చాంపియన్ అయింది. ఆ పోటీలో ఒక్క ఆటా ఓడలేదు. తర్వాత అల్లా కుష్నిర్‌పై మూడుసార్లు, నానా అలెగ్జాండ్రియాపై ఒకసారి కిరీటం నిలబెట్టుకుంది. 1977లో అమెరికాలోని లోన్ పైన్‌లో పురుషులతో తలపడి ప్రథమ స్థానాన్ని పంచుకుంది. 1978లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందిన తొలి మహిళగా చరిత్రకెక్కింది.

అదే సంవత్సరం నల్లసముద్రం ఒడ్డున ఉన్న పిట్సుందాలో ఆమె ఎదుట కూర్చున్నది మాయా చిబుర్దానిద్జే. ఆమెదీ జార్జియానే, ఊరు కుటాయిసి, వయసు 17. నోనాకు 37. నోనా చాంపియన్ అయ్యేనాటికి మాయా రెండేళ్లయినా నిండని పసిపాప! పదిహేను ఆటలు జరిగాయి. 8½-6½తో మాయా గెలిచింది. పదహారేళ్ల ఏలుబడి ముగిసింది.

మాయా కూడా శాశ్వతంగా ఉండలేదు. 1991లో మనీలాలో చైనా యువతి షీ జున్ ఆమెను సరిగ్గా అదే 8½-6½తో ఓడించింది. మన్నాళ్లుగా జార్జియాలో ఉన్న కిరీటం చైనాకు వెళ్లింది.

మన తెలుగుబిడ్డ కోనేరు హంపి కథలోనూ ఈ ఘట్టం ఉంది. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన ఆమె, 2025 జూలైలో జార్జియాలోని బటూమీలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. ప్రత్యర్థి నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. ఒకరికి 38, ఇంకొకరికి 19. మొదటి రెండు ఆటలూ డ్రా అయ్యాయి. ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఇద్దరూ మనవాళ్లే కనుక ఎవరికోసం బాధపడాలో తెలియలేదు.

ఇంతకీ పిట్సుందా తర్వాత నోనా ఏం చేసింది? బోర్డు అటక ఎక్కించలేదు. 1995లో ప్రపంచ సీనియర్ మహిళల టైటిల్ గెలిచింది. తర్వాతా పలుమార్లు గెలిచింది. 2022లో, 81వ ఏట, 65 దాటిన మహిళల విభాగంలో మళ్లీ విజేత అయింది. కిరీటం పోయాక నలభై నాలుగేళ్లకు!

మనకు పదవీ విరమణ కాగితం చేతికొచ్చిననాడు పోయింది కుర్చీ మాత్రమే. నేను అటక మీది బోర్డు దించి దుమ్ము దులిపాను. ఒక బంటు కనబడలేదు, దాని స్థానంలో చొక్కా గుండీ పెట్టాను. దసరా సెలవులకు రమ్మని మనవరాలికి ఉత్తరం రాశాను. ఓడిపోతానేమో. అయినా ఈసారి "ఇంకొక్కటి" అని అడిగేది నేనే.